ఆయన మీకేమవుతారు?

కిందటేడు ఓ రాత్రి మా తోడల్లుడికి కడుపునొప్పి వచ్చింది. మరదలు ఊళ్లో లేదు. నేనే ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాను. అపెండిక్స్ అన్నారు, తెల్లారేలోపు ఆపరేషన్ చేయాలన్నారు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నాలుగు కాగితాలు నా ముందుకు జరిపి, ‘‘పేషెంటుకు మీరేమవుతారండీ?’’ అని అడిగింది. ‘‘తోడల్లుణ్నమ్మా’’ అన్నాను. ‘‘అయితే రిలేషన్ దగ్గర అదే రాసి, ఇంటూ పెట్టిన చోటల్లా సంతకాలు చేయండి’’ అంది. చేశాను. రుజువు చూపించమని ఎవరూ అనలేదు.

కాసేపటికి నర్సు వచ్చి ఈయనకు ఏ మందైనా పడదా, షుగరుందా, పొద్దున ఏం మాత్రలు వేసుకున్నారు అని అడిగింది. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఏడాదికి రెండుసార్లు, అదీ అత్తగారింట్లో పండక్కి కలుసుకునే మనుషులం. మాకు రక్తసంబంధం లేదు, ఒకే ఇంట్లో వారం రోజులున్నది లేదు. అయినా ఆయన పొట్ట కోయడానికి నా సంతకం చెల్లింది. మరదలికి ఫోన్ కలిపి నర్సు చేతికిచ్చాను.

ఆపరేషన్ థియేటర్ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నప్పుడు ఒక ఆలోచన పట్టుకుంది. ఇదే ఊళ్లో పదేళ్లుగా, పదిహేనేళ్లుగా ఒకే కప్పు కింద బతుకుతున్న ఇద్దరు మగవాళ్లో ఇద్దరు ఆడవాళ్లో ఈ కౌంటర్ ముందుకొస్తే ఏం చెబుతారు? ఏ మాత్ర పడదో తెలిసిన మనిషి, రాత్రి ఎన్నిసార్లు లేచాడో చెప్పగలిగిన మనిషి, ఆ ఒక్క గడిలో రాయడానికి మాట లేక పక్కకు తప్పుకోవాలి.

చుట్టరికాలకు పేర్లు పెట్టడంలో మనల్ని మించినవాళ్లు ఉంటారనుకోను. తోటికోడలు, వియ్యపురాలు, ఆడపడుచు, పెత్తల్లి, చివరికి వేలు విడిచిన మేనమామకు కూడా మన దగ్గర పేరుంది. రైల్లో ఎదురు సీటాయనతో గుంటూరు దాటేలోపు వరస కలిపేస్తాం. ఇంతమందిని కలుపుకొన్న భాషలో, ఇంతమందికి చోటిచ్చిన కాగితాల మీద, ఈ ఒక్క బంధానికి ఇప్పటికీ వరస లేదు. స్వలింగ వివాహం మీద మన దగ్గర చర్చ అంతా పందిరి చుట్టూ, తాళి చుట్టూ, సంప్రదాయం చుట్టూ తిరిగింది. నా మటుకు నాకు ఈ పోరాటమంతా ఆ కౌంటర్ మీది కాగితంలోనే కనిపిస్తుంది.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి

ఈ దేశంలో ఆ గడి కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు పేరు ‘సుప్రియో వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా’. సుప్రియో చక్రవర్తి, అభయ్ దంగ్ హైదరాబాద్‌లో ఉంటున్న జంట. ఒకరు బెంగాలీ, ఇంకొకరిది ఢిల్లీ. ఎన్నో ఏళ్లు కలిసి ఉన్నాక కొవిడ్ రెండో విడతలో ఇద్దరూ జబ్బు పడ్డారు. ఆ రోజులు దాటి వచ్చాక, 2021 డిసెంబరులో హైదరాబాద్ శివార్లలో కుటుంబాల మధ్య, స్నేహితుల మధ్య ఉంగరాలు మార్చుకున్నారు. తెలంగాణలో ఇలాంటి వేడుక ఇదే మొదటిదని పత్రికలు రాశాయి. కన్నవాళ్లు దీవించారు, బంధువులు భోంచేశారు. చట్టం దృష్టిలో మాత్రం వాళ్లిద్దరూ ఆ సాయంత్రానికి ముందు ఏమిటో తర్వాతా అదే. ఒకరికొకరు ఏమీ కారు.

2022 నవంబరులో వాళ్లు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. అడిగింది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి నమోదును. మనకు ఈ చట్టం కొత్తది కాదు. కులం కాని కులం వాళ్లను, మతం కాని మతం వాళ్లను చేసుకున్న మన పిల్లలెందరో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 30 రోజుల నోటీసు వేయించుకుని, గుండెలు చిక్కబట్టుకుని పెళ్లాడింది దీని కిందే. ఇంట్లోవాళ్లు కాదన్నా రాజ్యం అవునంటుందన్న భరోసా ఆ చట్టానిది. అందులో ఒక మాట దగ్గర వీళ్లకు దారి మూసుకుపోయింది. నాలుగో సెక్షన్‌లో మగవాడికి 21 ఏళ్లు, స్త్రీకి 18 ఏళ్లు నిండాలని ఉంటుంది. అంటే ఒకరు మగ, ఒకరు ఆడ అని ముందే రాసేసుకున్న చట్టమది.

దీని వెనక చాలా నడక ఉంది. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను 2009లో ఢిల్లీ హైకోర్టు ఆ మేరకు కొట్టేసింది. 2013లో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని తేల్చింది. ఆ రోజు కోర్టు బయట ఏడుస్తూ నవ్విన ముఖాలను మనమంతా టీవీల్లో చూశాం. నేరస్తులు కాదన్నారు సరే, మరి ఏమవుతారన్నది చెప్పలేదు. ఆ ప్రశ్నను హైదరాబాద్ జంట చేతుల్లోకి తీసుకుంది. వాళ్ల వెనక మరో ఇరవై దాకా పిటిషన్లు చేరాయి.

పది రోజుల వాదన

2023 ఏప్రిల్ 18 నుంచి మే 11 దాకా రాజ్యాంగ ధర్మాసనం ముందు పది రోజులు వాదనలు నడిచాయి. ప్రత్యక్ష ప్రసారం కావడంతో కన్నవాళ్లతో కలిసి చూసిన పిల్లలూ ఉంటారు, తలుపు వేసుకుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూసిన పిల్లలూ ఉంటారు. ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్‌తో పాటు జస్టిస్ ఎస్.కె.కౌల్, జస్టిస్ ఎస్.రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ పి.ఎస్.నరసింహ కూర్చున్నారు. హిమా కోహ్లి అంతకు ముందు తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి. నరసింహ మన హైదరాబాద్ వారే.

కేంద్రం తన ప్రమాణపత్రంలో ఇది పట్టణాల్లోని పైవర్గాల ఆలోచన అంది. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. 1987లో మధ్యప్రదేశ్‌లో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు దండలు మార్చుకున్నందుకు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వాళ్లది ఏ పైవర్గం? 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు ఓ యువతి హెబియస్ కార్పస్ పిటిషన్‌తో వెళ్లింది. తన సహచరిని కన్నతండ్రి నర్సీపట్నంలో నిర్బంధించాడని. ఆ అమ్మాయి మేజర్, ఎవరితో బతకాలో ఆమె ఇష్టం, తల్లిదండ్రులు అడ్డుపడకూడదని కోర్టు చెప్పి ఇద్దరినీ కలిపింది. నర్సీపట్నం ఏ మహానగరమూ కాదు.

అటువైపు వాదనలో బరువైనవీ ఉన్నాయి, వాటిని దాటవేయడం న్యాయం కాదు. ప్రత్యేక వివాహ చట్టంలో భార్యకు మాత్రమే ఇచ్చిన రక్షణలున్నాయి. విడాకులు కోరేందుకు ఆమెకు మాత్రమే ఉన్న కారణాలున్నాయి. ఇద్దరూ భర్తలైతే, ఇద్దరూ భార్యలైతే వాటిని ఎవరికి వర్తింపజేయాలి? ఒక చట్టంలో మాట మారిస్తే వారసత్వం, దత్తత, భరణం దాకా పదుల కొద్దీ చట్టాలను తిరగరాయాలి, అది పార్లమెంటు పని అని సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా అన్నారు. జంటల తరఫు న్యాయవాదులు ముకుల్ రోహత్గీ, మేనకా గురుస్వామి వంటి వారు రాజ్యాంగం ఇచ్చిన సమానత్వం పార్లమెంటు తీరిక కోసం ఎదురు చూడనక్కర్లేదన్నారు. పిటిషనర్ల తరఫు వాదన నాకు నచ్చింది. ముడి ఉన్నంత మాత్రాన విప్పలేమని కాదు గదా. అయితే అది నిజంగా ముడే.

ఈ మధ్యలో మన ప్రమేయం ఒకటుంది. కేంద్రం అభిప్రాయం చెప్పమని రాష్ట్రాలకు లేఖలు రాసింది. మే నెల నాటికి జవాబిచ్చినవి ఏడు. వాటిలో నాలుగు గడువు కోరాయి. వ్యతిరేకమని తేల్చి చెప్పినవి మూడు. రాజస్థాన్, అస్సాం, ఆంధ్రప్రదేశ్. మతపెద్దలను సంప్రదించామని ఆంధ్రప్రదేశ్ చెప్పింది. ఆ జంటలనూ పిలిచి మాట్లాడి ఉంటే బాగుండేది. హైదరాబాద్ జంట పేరు మీదే నడుస్తున్న కేసులో ఆ ఏడింటిలో తెలంగాణ పేరు లేదు.

2023 అక్టోబరు 17న తీర్పొచ్చింది. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని అయిదుగురూ ఏకాభిప్రాయంతో చెప్పారు. పెళ్లి అని పిలవకపోయినా ఆ బంధాన్ని రాజ్యం గుర్తించాలని చంద్రచూడ్, కౌల్ అన్నారు. మిగతా ముగ్గురూ దాన్ని ఒప్పుకోలేదు. మూడు, రెండుతో అది పోయింది. కలిసి బతకడానికి, హింస నుంచి రక్షణ పొందడానికి హక్కుందన్నారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు స్త్రీపురుష బంధంలో ఉంటే ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లాడవచ్చని అందరూ ఒప్పుకున్నారు. ఇది చిన్న సంగతేమీ కాదు. దాని మీద నిలబడే 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ట్రాన్స్ మహిళ కూడా మహిళేనని, అత్తింటి వేధింపులపై 498ఏ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకుందని చెప్పింది.

తీర్పులో నేను పదే పదే చదివిన భాగం జస్టిస్ భట్ రాసినది. పెళ్లిని ఒప్పుకోనిదీ ఆయనే. కానీ పీఎఫ్, పింఛను, ఈఎస్ఐ వంటి ఫలాలన్నీ పెళ్లికే ముడిపెట్టడం వల్ల ఈ జంటల మీద పరోక్షంగా వివక్ష పడుతోందని, దాన్ని సరిచేయాల్సింది ప్రభుత్వమేనని రాశారు. గాయం ఉందని ఒప్పుకుని, మందు కోసం వేరే గుమ్మం చూపించడం అది. పునఃపరిశీలన పిటిషన్లను 2025 జనవరి 9న చాంబర్‌లోనే కొట్టేశారు. బహిరంగ విచారణ లేదు.

గడి తర్వాత గడి

ఇప్పుడు ఆ గడుల దగ్గరికొద్దాం. నెలజీతం తీసుకునేవాళ్లంతా ఒకసారి పీఎఫ్ పోర్టల్ తెరిచి ఈ-నామినేషన్ చూడండి. నామినీ ఆధార్, ఫొటో పెట్టే ముందు అది కుటుంబం ఉందా అని అడుగుతుంది. 1952 నాటి పీఎఫ్ పథకంలో మగ ఉద్యోగికి కుటుంబమంటే భార్య, పిల్లలు, అతని మీద ఆధారపడ్డ తల్లిదండ్రులు, చనిపోయిన కొడుకు భార్య, ఆమె పిల్లలు. కుటుంబం ఉన్న ఉద్యోగి వాళ్లలోంచే నామినీలను పెట్టాలి. బయటివాళ్ల పేరు రాస్తే అది చెల్లదు. అంటే పదిహేనేళ్లు కలిసి బతికిన సహచరుడి పేరు రాయాలంటే, తన మీద ఆధారపడ్డ తల్లి లేకుండా ఉండాలి. ఆ తల్లి బతికున్నంతకాలం జీవిత భాగస్వామికి చోటు లేదు. తల్లికీ భర్తకూ పంచి రాసుకునే వీలు అందరికీ ఉంది, వీళ్లకు లేదు.

బీమాలో పేరు రాసుకోవచ్చు. కానీ 2015లో సవరించిన చట్టం ప్రకారం తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే సొమ్ము వాళ్లదే. మిగతావాళ్లు తీసుకుని వారసులకు అప్పగించాల్సిన వాళ్లు. బ్యాంకు ఖాతా నామినీ సంగతీ అంతే. పేరు ఉంటుంది, హక్కుండదు.

వీలునామా లేకుండా పోతే? హిందూ వారసత్వ చట్టం మగవాడి ఆస్తిని మొదట కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లికిస్తుంది. వాళ్లు లేకపోతే తండ్రికి, తోబుట్టువులకు, ఇంకా అటు వైపు వాళ్లకు. వాళ్లూ లేకపోతే జ్ఞాతులకు, ఆ తర్వాత ఆడవైపు చుట్టాలకు. వేలు విడిచిన వాళ్లకు కూడా అందులో చోటుంది. ఎవ్వరూ దొరకకపోతే ఆస్తి సర్కారుకు పోతుంది. ఇద్దరూ కలిసి వాయిదాలు కట్టిన ఫ్లాటు సగం సర్కారుకైనా పోవచ్చుగానీ, ఆ ఫ్లాటులో వంట చేసుకుంటున్న మనిషికి రాదు. రాయాలంటే వీలునామా ఒక్కటే దిక్కు. అదీ రక్తసంబంధీకులు కోర్టుకెక్కనంత కాలం.

పన్ను కాగితాల్లోనూ ఇదే. భార్యకు భర్త ఇచ్చిన కానుక మీద పన్ను లేదు. బంధువు కాని మనిషిచ్చింది ఏడాదిలో 50,000 రూపాయలు దాటితే ఆదాయం కింద లెక్క. దీన్ని సవాలు చేస్తూ ఓ జంట వెళ్తే 2025 ఆగస్టులో బాంబే హైకోర్టు నోటీసులిచ్చింది.

ఆసుపత్రి సంగతి మళ్లీ. వైద్యుల ప్రవర్తనా నియమావళిలో, 2002 నాటిది, ఆపరేషన్‌కు ముందు భర్త లేక భార్య, మైనరైతే తల్లిదండ్రులు లేక సంరక్షకుడు, లేదంటే రోగి స్వయంగా రాతపూర్వక అంగీకారం ఇవ్వాలని ఉంది. సహచరుడికి జీపీఏ, అంటే తన తరఫున వ్యవహరించే అధికార పత్రం, రాసిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. రాసిచ్చిన మనిషి స్పృహ తప్పి, నిర్ణయం తీసుకోలేని స్థితికొస్తే మన చట్టంలో ఆ అధికారమే నిలవడం కష్టం. అవసరం వచ్చిన క్షణంలోనే కాగితం చేతికి రాదన్నమాట. తన సహచరిని తన వైద్య ప్రతినిధిగా గుర్తించమని ఓ మహిళ 2025లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది ఇందుకే.

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. తీర్పులో చెప్పినట్టే 2024 ఏప్రిల్‌లో కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ తర్వాత జంటగా ఉంటున్నవాళ్లను రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడమని రాష్ట్రాలకు సూచన వెళ్లింది. ఉమ్మడి బ్యాంకు ఖాతాకు, నామినీగా పేరు పెట్టుకోవడానికి అడ్డు లేదని ఆగస్టులో ఆర్థిక శాఖ చెప్పింది. అదే నెలలో ఆరోగ్య శాఖ రాసిన లేఖలో ఒక వాక్యం ఉంది. దగ్గరి బంధువులు లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకోవచ్చని. నేను ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. దగ్గరి బంధువులు లేనప్పుడు. ఇరవై ఏళ్ల క్రితం ఇంట్లోంచి వెళ్లగొట్టిన అన్న మార్చురీకొస్తే, మళ్లీ ఆయనే దగ్గరివాడు.

ఇవన్నీ సూచనలు. సూచనకు చట్టం బలం లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత మన ఆఫీసుల్లో తిరిగినవాళ్లకు వివరించనక్కర్లేదు. లేఖ ఢిల్లీలో ఉంటుంది, కౌంటర్ మన వీధిలో ఉంటుంది.

బయట దేశాల్లో

అమెరికాలో ఈ పోరాటం గెలిచింది కూడా ఇలాంటి లెక్కతోనే. న్యూయార్క్‌లో ఈడిత్ విండ్సర్ నలభై ఏళ్లకు పైగా కలిసి బతికిన థియా స్పైయర్‌ను 2007లో కెనడా వెళ్లి పెళ్లాడింది. 2009లో థియా చనిపోతే, భార్యగా లెక్కించని కేంద్ర చట్టం విండ్సర్ మీద 3,63,053 డాలర్ల ఎస్టేట్ పన్ను వేసింది. థియా మగవాడై ఉంటే ఒక్క డాలరూ పడేది కాదు. ఆమె ఆ రసీదుతో కోర్టుకెళ్లింది. 2013లో గెలిచింది. రెండేళ్ల తర్వాత, 2015 జూన్ 26న, దేశమంతటా పెళ్లి హక్కొచ్చింది.

విండ్సర్ గెలుపు మన ఇళ్లకూ తగిలింది. ఆ తీర్పు తర్వాత అమెరికా వీసాల్లో స్వలింగ జీవిత భాగస్వాములు కూడా డిపెండెంట్లయ్యారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో హెచ్-1బీ మీదున్న తెలుగు కుర్రాడు అక్కడ పెళ్లి చేసుకున్న మనిషిని హెచ్-4 మీద పిలిపించుకోవచ్చు. అక్కడ ఇల్లు, బీమా, పన్ను అన్నీ ఇద్దరి పేరు మీద. సంక్రాంతికి శంషాబాద్‌లో దిగాక ఆ ఇద్దరూ ఒకరికొకరు ఎవరూ కారు. భారతీయుల విదేశీ జీవిత భాగస్వాములకు ఇచ్చే ఓసీఐ కార్డు కోసం ఓ జంట ఢిల్లీ హైకోర్టుకెళ్లింది కూడా ఇదే చిక్కుతో.

ఆసియాలో తైవాన్ 2019లో, థాయ్‌లాండ్ 2025 జనవరిలో ఈ పెళ్లిళ్లకు తలుపు తీశాయి. నేపాల్‌లో 2023 నవంబరులో లమ్‌జుంగ్ జిల్లాలో తొలి నమోదు జరిగింది. అది రాజధాని కాదు, కొండ జిల్లా.

మన దగ్గర పార్లమెంటులో ఈ దిశగా ప్రభుత్వ బిల్లు రాలేదు. 2022 ఏప్రిల్‌లో ఎంపీ సుప్రియా సూలే ప్రైవేటు బిల్లు పెట్టారు, ఆ లోక్‌సభ గడువు ముగియడంతో అది మురిగిపోయింది. హైకోర్టులు మాత్రం కొంచెం కొంచెంగా దారి చేస్తున్నాయి. 2023 నవంబరులో మద్రాసు హైకోర్టు జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఈ జంటల కోసం కుటుంబ ఒప్పంద పత్రం లాంటిది ఆలోచించమని తమిళనాడు ప్రభుత్వానికి సూచించారు. 2025 మేలో అదే కోర్టు, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే దారి కాదంది. ఎంచుకున్న కుటుంబం అన్న మాటను గుర్తించింది. తెలుగు రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వమైనా ఆ పత్రం లాంటిది తేగలదు. దానికి పార్లమెంటు అక్కర్లేదు. కనీసం ప్రభుత్వ ఆసుపత్రుల వరకు, ఎవరు తన తరఫున సంతకం పెట్టాలో రోగి ముందే రాసిస్తే చెల్లుతుందని ఒక జీవో ఇవ్వగలదు.

ఈ కథనం రాస్తున్నప్పుడు నాకు పరిచయమున్న ఓ జంట ఇంటికెళ్లాను. ఇద్దరూ నలభై దాటినవాళ్లు. చెప్పుల స్టాండ్ పక్కన, గొడుగులు తగిలించే మేకుకు ఒక గుడ్డసంచి వేలాడుతోంది. అందులో ప్లాస్టిక్ ఫోల్డర్. ఇద్దరి వీలునామాలు, ఒక్కోదానికి ఇద్దరేసి సాక్షుల సంతకాలు. నోటరీ చేయించిన లివింగ్ విల్లు. ఉమ్మడి ఖాతా పాస్‌బుక్ జిరాక్సు. కేంద్రం సూచనల ప్రింటవుట్లు, ముఖ్యమైన వాక్యాల కింద పసుపు గీతలు. రక్తం గ్రూపులు, పడని మందుల జాబితా, బీపీ మాత్రల పేర్లు చేత్తో రాసిన కాగితం. అర్ధరాత్రి ఏదైనా జరిగితే వెతుక్కోకుండా తలుపు దగ్గరే పెట్టుకున్నామన్నారు.

‘‘ఇన్ని ఉన్నా ఆ రిలేషన్ గడిలో ఏం రాస్తారు?’’ అని అడిగాను.

‘‘ఫ్రెండ్ అని రాస్తానండీ’’ అన్నాడు పెద్దతను. ‘‘అప్పుడు ఇంట్లోవాళ్లెవరైనా ఉన్నారా అని అడుగుతారు. పోయిన వేసవిలో వీడికి డెంగీ వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, ఆగే ఓపిక లేకపోయింది. అన్నయ్యనని రాశాను. వెంటనే బెడ్ ఇచ్చారు.’’